కిటికీ మట్టం కాడ ఆగిన గోడ

నాకు కోపం జాస్తి. ఊర్లో ఎవురినడిగినా చెప్తారు. ఇటుక వరస రొంత వంకర పోయిందంటే చాలు, కట్టింది ఎవురని కూడా చూడను, కాలెత్తి ఒక్క తన్ను తంతాను. పచ్చిగోడ గదా, పడిపోతాది. మల్లా కట్టుకోమంటాను. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాదయ్యా" అని మా దేవకమ్మ పెండ్లయిన కాడ్నించి మొత్తుకుంటానే ఉండాది. నోటి సంగతి అట్టా ఉంచండి, నా కాలు కూడా మంచిది కాదు. ఉదయగిరిలో మాల్యాద్రి మేస్త్రీ అంటే గోడలు తన్నేవాడని పేరు. అట్టాంటోణ్ణి, ఒక్క వంకర గోడ ముందర మాత్రం నోరు మూసుకోని నిలబడినాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు వహాబు గురించి చెప్పాల.

వహాబూ నేనూ ఈడుజోడు వాళ్ళం. వాళ్ళ నాయన కాడే నేను బేల్దారి పని నేర్చుకున్నాను. ఆ ముసలాయన చెయ్యి సామాన్యమైంది కాదు. కొండమీద పాతకాలం గోడలు బీటలిస్తే సున్నం నూరి పూడ్చేదానికి ఆయన్నే పిలిచేవాళ్ళు. తిట్టడం కూడా నేను ఆయన కాడే నేర్చుకున్నాననుకోండి. వహాబుకి ఆయన చెయ్యి వచ్చింది, నోరు రాలా. వాడు నవ్వుకుంటా పనిచేసేవాడు. దారం కట్టి నాలుగు వరసలు పేర్చినాడంటే, గుండు వేలాడేసి చూసినా వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. నాకు కుళ్ళుగా ఉండేది. ఇప్పుడు దాచుకునేదానికి ఏముందిలే.

మా బేల్దారోళ్ళలో ఒక కట్టుబాటు ఉండాది. ఒకడు మొదలుపెట్టిన గోడ సగంలో ఆగితే, వాడు తన తాపీ తెచ్చి చేతికిచ్చి "నువ్వు కట్టుకోరా" అంటేనే ఇంకోడు దాని మీద ఇటుక పెట్టాల. తాపీ చేతికి రాకుండా పెడితే, రేపు గోడ కూలినా, ఇంట్లోవాళ్ళకి ఏమన్నా అయినా, ఆ పాపం పెట్టినోడిదే. కట్టినోడు చచ్చిపోతే మాత్రం వాడి తాపీని తెల్లగుడ్డలో చుట్టి ఇంకొకళ్ళు ఇంటికి తెచ్చిస్తారు. ఇంటోళ్ళు దాన్ని ఇంకో మేస్త్రీకి ఇస్తారు. వహాబు నాయన పనికాడ గుండె ఆగి పడిపోయినప్పుడు, ఆయన తాపీని గుడ్డలో చుట్టుకోని వాళ్ళ వాకిట్లోకి పోయింది నేనే. నేను నోరు తెరవలా. నా చేతిలో గుడ్డ చూసి ఆ ఇంటి ఆడోళ్ళు గొల్లుమన్నారు. ఆ తాపీనే తర్వాత వహాబు చేతికొచ్చింది.

డెబ్బై ఏడులో వహాబుకి ఆత్మకూరు పిల్ల జైతూన్‌బీతో పెండ్లయింది. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అంటారు గదా, వీడు రెండూ ఒకేసారి చూడబోయినాడు. అప్పుడు మేమిద్దరం సోమశిల డ్యాం కాడ రాతిపనికి పోతా ఉన్నాం. వారానికి ఒక్క రోజు ఇంటికొచ్చేవాళ్ళం. నేను ఆ రోజంతా పడుకునేవాణ్ణి, వాడు తన గోడ కట్టుకునేవాడు. రెండు గదులు, ముందర ఒక వసారా. వంటగదిలో కిటికీ కొండవైపుకి పెట్టమని జైతూన్ అడిగిందంట. "అన్నం వండుకుంటా కొండ చూస్తాదంటరా" అని నాకు చెప్పి వాడు మురిసిపోయినాడు. గోడ కిటికీ మట్టం దాకా లేచింది. అంతటితో ఇటుకా అయిపోయింది, చేతిలో ఉన్నదీ అయిపోయింది. పక్కనే తాటాకు కొట్టం వేసుకోని ఇద్దరూ అందులో కాపురం పెట్టినారు.

సరిగ్గా అప్పుడే అరబ్బు దేశాల గాలి తగిలింది మన పడమటి పల్లెలకి. వరికుంటపాడు నుంచి ఒకడు పోయినాడంట, అనంతసాగరం నుంచి నలుగురంట, కలిగిరి కాడ ఒక వీధి వీధే పోయిందంట. ఎవురి నోట విన్నా ఇదే మాట. ఆడ నూనె బావుల్లో డబ్బు పుట్టుకొస్తా ఉండాదంట, ఊర్లకి ఊర్లు కడతా ఉండారంట, కట్టే చేతులు చాలడంలేదంట. ఆత్మకూరులో ఒక ఏజెంటు మా ఇద్దర్నీ రైలెక్కించి బొంబాయి పంపించినాడు.

బొంబాయిలో ఒక పెద్ద దొడ్డి. మూడు నాలుగొందల మంది మొగోళ్ళు వరసల్లో నిలబడి ఉండారు. మేం బేల్దారుల వరసలో నిలబడినాం. ఎండ నడినెత్తికి వచ్చినాక ఒకడొచ్చి, ఈ సంవత్సరానికి గోడలు కట్టేవాళ్ళు చాలు, సెంట్రింగు కొట్టేవాళ్ళు కావాలన్నాడు. కాంక్రీటు పొయ్యాలంటే కింద పలకలు కొట్టాల గదా, ఆ పని. మా వరస మొత్తం కూలబడింది. వహాబు మాత్రం మెల్లిగా నడుచుకుంటా పొయ్యి వడ్రంగుల వరసలో నిలబడినాడు.

"ఒరే, నీకు సుత్తి పట్టుకోవడం కూడా రాదు గదరా!" అన్నాను.

"కూటి కోసం కోటి విద్యలు. మేకు కొట్టేది ఎంత సేపురా? ఆడికి పోయినాక ఎవుడో ఒకడు గోడ చూపిస్తాడు. ఏ దేశంలో అయినా ఇల్లంటే గోడే గదా" అన్నాడు.

ఇదీ వాడు చేసిన పొరపాటు. చిన్నదే. గోడ తప్ప ఇంకేం తెలియనోడు చేసే పొరపాటు. పలక మీద నాలుగు మేకులు కొట్టి చూపిస్తే వాడి పేరు రాసుకున్నారు. నేనూ పోవచ్చు ఆ వరసలోకి. నాకు పౌరుషం అడ్డమొచ్చింది. "నేను బేల్దారిని, వడ్రంగిని కాను" అని అరిచేసి తిరుగు రైలెక్కినాను. తెలివో తెలివితక్కువో ఇప్పటికీ తెలీదు.

డెబ్బై తొమ్మిది జనవరిలో వహాబు బయల్దేరినాడు. బస్సు కాడికి నేనూ పోయినాను. జైతూన్ చంకలో ఏడు నెలల బిడ్డ అమీరున్నీసా. నేను చెయ్యి చాపి, "తాపీ ఇచ్చి పోరా, గోడ నేను లేపుతాను" అన్నాను. వాడు సంచి తట్టి చూపించినాడు. తాపీ అందులోనే ఉండాది.

"రెండేండ్లు. రెండే రెండేండ్లు. వచ్చి నా గోడ నేనే లేపుకుంటాను. నువ్వు ముట్టుకున్నావంటే చెయ్యి ఇరగ్గొడతా" అన్నాడు. తర్వాత పెండ్లాం వైపు తిరిగి, ఆ నలుగురిలో ఏం చెప్పాలో తెలీక, "గోడ తడుపుతా ఉండు" అన్నాడు. కొత్తగోడ పది రోజులు తడపాల గదా, అది చెప్పినాడు. జైతూన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని తల ఊపింది. బస్సు పోయింది.

వాడు చదువుకునింది తెలుగు బడిలో. జైతూన్‌కి ఖురాను చదవడమే గాని తెలుగు చదవడం రాదు. అందుకని ఉత్తరాలు నా పేరు మీద వచ్చేవి. నేను పోయి వాళ్ళ కొట్టం ముందర కూర్చోని చదివేవాణ్ణి, ఆమె గడప లోపల నిలబడి వినేది. నేను మధ్యలో ఉండాను గదా, పాపం వాడు మాత్రం ఏం రాస్తాడు? జైతూన్‌కి సలాం, బిడ్డకి ముద్దులు, అంతే. ప్రతి ఉత్తరం కడాన మాత్రం ఒక్క మాట ఉండేది: "గోడ తడుపుతా ఉండాదా, అడుగు." నేను మోటుమనిషిని, "వీడి గోడ పాడుగాను, ఎప్పుడూ ఇదే గోల" అని విసుక్కునేవాణ్ణి. జైతూన్ "తడుపుతా ఉండాను అని రాయన్నా" అనేది. అంతకు మించి ఏమీ రాయమనేది కాదు.

ఆమె నిజంగానే తడుపుతా ఉండాది. రెండో ఏడు ఒక సాయంత్రం చూసినాను. వీధి చివర బావి కాడ్నించి రెండు బిందెలు మోసుకొచ్చి, కిటికీ మట్టం గోడ మీద చుట్టూరా పోస్తా ఉండాది. మాకు తాగే నీళ్ళకే కరువు. నాకు ఒళ్ళు మండింది.

"తల్లీ, నీకేమన్నా పిచ్చా? గోడ ఆరి ఏడాది దాటింది. ఇంక తడిపేది ఏంది?"

"ఆరనిస్తే పాతగోడైపోతాదన్నా. తడుపుతా ఉంటే నిన్న కట్టినట్టే ఉంటాది" అనింది.

ఇంటికొచ్చి దేవకమ్మకి చెప్తే, దేవకమ్మ కండ్లు తుడుచుకోని, "నీకొచ్చే ఉత్తరాల్లో గోడ గోడ అని ఉండేది ఏందో నీకు ఇప్పటికి తెలిసిందా దున్నపోతా" అనింది. అప్పటికి తెలిసింది.

వహాబు ఉత్తరాల్లో ఆ దేశం సంగతులు కత కతలుగా ఉండేవి. ఒక బిల్డింగు మీద పదకొండు భాషలోళ్ళు పని చేస్తారంట. క్రేను మీద కొరియావాళ్ళు, కడ్డీలు కట్టేది పాకిస్తానోళ్ళు, మేకులు కొట్టేది మనోళ్ళు. ఎవురి భాష ఎవురికీ రాదు, చేతులతో సైగలంట. "ఒరే మాల్యాద్రీ, ఈడ ఇటుకే లేదురా. గోడలు ఫ్యాక్టరీలో పోతపోసి లారీలో తెస్తారు, క్రేనుతో ఎత్తి నిలబెట్టి బోల్టులు బిగిస్తారు. గోడని బిగించడం ఏందిరా? నా తాపీ పెట్టెలోనే ఉండాది. శుక్రవారం శుక్రవారం తీసి నూనె పూసి మల్లా పెడతాను." ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు మొదటిసారి వాడి మీద కుళ్ళు పోయింది. గోడ దొరకని బేల్దారి ఎంత అల్లాడిపోతాడో నాకు తెలుసు.

రెండేండ్లు మూడైనాయి. బిల్డింగు అవలేదు, ఇంకో ఏడు ఉండమన్నారు, సెలవు వదులుకున్నాడు. మూడు నాలుగైనాయి. ఎనభై మూడు వచ్చేటప్పటికి కత తిరగబడింది. నూనె ధర పడిపోయిందంట, సగం లేచిన బిల్డింగులు అట్నే నిలబెట్టి కంపెనీలు పోతా ఉండాయంట. సెలవు మీద ఇంటికొచ్చినోళ్ళని మల్లా పిలవడంలేదంట. వీళ్ళ జీతంలో సగానికే చేసేదానికి ఇంకో దేశం నుంచి జనం దిగతా ఉండారంట. "ఇప్పుడు వస్తే మల్లా పోలేను. గోడ పూర్తయ్యేంత చేసుకోనే వస్తాను. జైతూన్‌ని ఇంకొక్క ఏడు ఓర్చుకోమను" అని రాసినాడు. ప్రతి ఏడూ ఇంకొక్క ఏడే.

ఈడ ఉదయగిరిలో ఏం జరిగిందో వినండి, నవ్వాలో ఏడవాలో తెలీదు. అరబ్బు దేశం పోయినోళ్ళు పంపించిన డబ్బుతో వీధి వీధికీ మిద్దెలు లేచినాయి. కట్టేదానికి మేస్త్రీలేరీ? అంతా ఆడ మేకులు కొడతా ఉండారు! నాకు గిరాకీ చెప్పలేనంత. నెలరోజుల ముందర చెప్పుకుంటేగాని నేను దొరికేవాణ్ణి కాదు. వహాబు ఇంట్లోనే ఉండి ఉంటే, వాడి చేతికి ఉండే పనికి, ఎప్పుడో రెండంతస్తులు లేపేవాడు. దూరపు కొండలు నునుపంటారు గదా. పనే మా ఊరికి నడిచొచ్చింది, మనిషి పని కోసం సముద్రం దాటి కూర్చున్నాడు. ఊర్లో అందరి గోడలూ లేచినాయి, వాడి గోడ తప్ప.

ఎనభై నాలుగులో కార్తీకం వానలకి జైతూన్ కొట్టం కూలింది. తడిసిపోయి బిడ్డని తీసుకోని తెల్లారి మా ఇంటికొచ్చింది. అమీరున్నీసాకి అప్పటికి ఆరేండ్లు. ఆ కప్పు లేని గదుల్లోనే ఆడుకునేది ఆ బిడ్డ. ఇది వంటగది, ఇది పడకగది, ఇది అబ్బా కూర్చునే వసారా అని వచ్చినోళ్ళకంతా చూపించేది. అబ్బా మొకం మాత్రం ఫోటోలో తప్ప తెలీదు.

"అన్నా, పైన ఎనిమిది వరసలు పెట్టు. రేకులు వేసుకుంటాం. బిడ్డ దగ్గతా ఉండాది" అనింది జైతూన్.

"తాపీ రాలా తల్లీ."

"ఆయన్ని నేను ఒప్పిస్తాలే."

"తాపీ రాలా అంటినా! నీకు చెప్తే అర్థంకాదా?" అని అరిచినాను. ఆమె బిడ్డని ఎత్తుకోని పోయింది. ఊర్లో ఉన్న ఇంకో ఇద్దరు మేస్త్రీలనీ అడిగింది, వాళ్ళూ అదే మాట అన్నారు. ఆ పొద్దు దేవకమ్మ నాకు బువ్వ పెట్టలా. "మీ కట్టుబాటు తగలబెట్ట! వానలో తడిసేది మీరు కాదు గదా" అని తిట్టింది. నేను పోయి కూలిన కొట్టాన్ని నిలబెట్టి కొత్త తాటాకు కప్పించినాను. గోడని మాత్రం ముట్టుకోలా. ఆత్మకూరు నుంచి వాళ్ళమ్మ వచ్చి రమ్మని ఎంత బతిమాలినా జైతూన్ పోలా. "నేను పోతే గోడ ఎవురు తడుపుతారు?" అనింది.

ఎనభై ఆరు జనవరి. వాడు పోయి ఏడేండ్లు. వాళ్ళ పక్కింటోళ్ళ మిద్దె మీద నేను పిట్టగోడ కడతా ఉండాను. పైనించి చూస్తే వహాబు స్థలం మొత్తం కనపడతాది. జైతూన్ బిందె ఎత్తి గోడ మీద నీళ్ళు పోస్తా ఉండాది. అప్పుడు అల్లావుద్దీన్ వచ్చినాడు. వాడు మా ఊరోడే, అరబ్బు దేశంలో వహాబు ఉండే ఊర్లోనే లారీ డ్రైవరు, రెండు నెలల సెలవు మీద ముందురోజే దిగినాడు. నేరుగా జైతూన్ ముందరికి వచ్చి, సలాం చెప్పి, చంకలోంచి ఒక తెల్ల తువ్వాలు చుట్ట తీసి రెండు చేతులతో చాపినాడు. చుట్టలోంచి తాపీ పిడి బయటికి కనపడతా ఉండాది.

జైతూన్ చేతిలో బిందె జారిపోయింది. ఆమె అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉండాది. గోడ పట్టుకోని అట్నే కిందికి కూలబడింది. నేను మెట్లు కూడా చూసుకోకుండా దూకేసి, పరిగెత్తి అల్లావుద్దీన్ గల్లా పట్టుకున్నాను.

"ఎప్పుడురా? ఎట్టా పోయినాడు?"

"యా అల్లా! ఎవురు పోయినాడు?" వాడు గుడ్లు తేలేసినాడు. "వహాబు భాయా? మొన్ననే గదా నన్ను ఎయిర్‌పోర్టు కాడ దిగబెట్టింది! బిర్యానీ కూడా తినిపించినాడు!"

డ్రైవరు నాబట్ట! వాడికి మా కట్టుబాటు ఏం తెలుసు? తాపీ పదునుకి గుడ్డలు చినుగుతాయని తువ్వాల్లో చుట్టుకోని వచ్చినాడంట. నాలుగు తిట్టినాను. జైతూన్ కింద కూర్చోనే, "బతికుండాడా? బతికుండాడా?" అని ఒకే మాట అడగతా ఉండాది. అల్లావుద్దీన్ ఖురాను మీద ఒట్టేసి చెప్పినాక గాని ఆమె ఊపిరి తీసుకోలా.

తువ్వాల్లోనే ఉత్తరం ఉండాది. ఆడే నిలబడి చదివినాను. "మాల్యాద్రీ, మా కంపెనీ మూసేస్తా ఉండారు. ఈ దేశంలో ఇంక కట్టే పని లేదు. కట్టినవాటిని ఊడ్చేదానికీ కావలి కాసేదానికీ తప్ప మనుషులు అక్కర్లేదంట. ఇరాకులో పని ఉండాదంట, మూడేండ్ల బాండు, మూడు నెలల్లో వీసా వస్తాది. ఆడ యుద్ధం జరగతా ఉండాది, అయినా కడతానే ఉండారంట. వట్టి చేతులతో ఇంటికి రాలేను. జైతూన్ కొట్టం కూలిందని రాసినావు, అప్పట్నించీ నాకు నిద్ర లేదు. నా తాపీ పంపిస్తా ఉండాను. గోడ నువ్వే లేపు." కడాన ప్రతిసారీ ఉండే మాట ఈసారి లేదు. నేను కాయితం తిప్పి చూసినాను. వెనకాల కూడా లేదు.

జైతూన్ కూడా ఆ మాట కోసమే చూస్తా ఉండాది. "అంతేనా అన్నా?" అని అడిగింది. "అంతే తల్లీ" అన్నాను.

నేను తాపీ చేతిలోకి తీసుకున్నాను. పిడి మొదట్లో సున్నం రేణువు లేదు, సిమెంటు మచ్చ లేదు. ఏడేండ్లుగా నూనె పూసి పెట్టిన తాపీ. "సరేలే, రేపే మొదలుపెడతాను. ఎనిమిది వరసలు నాలుగు రోజుల పని" అన్నాను. దీని కోసమే గదా ఆ వానల్లో నన్ను బతిమాలుకునింది, సంతోషిస్తాదనుకున్నాను.

ఆమె లేచి నా చేతిలోంచి తాపీ లాక్కునింది. ఎన్నడూ నా ముందర గొంతు పెంచి మాట్లాడని మనిషి.

"నాకు ఇల్లొద్దు. ఈ గోడ ఎవురూ ముట్టుకోవద్దు" అనింది. తాపీని మల్లా అదే తువ్వాల్లో చుట్టి అల్లావుద్దీన్ చేతికిచ్చింది. "తమ్ముడూ, నువ్వు తిరిగి పోయేటప్పుడు ఇది ఆయనకిచ్చెయ్. నేను చెప్పినానని చెప్పు. బేల్దారి బతికుంటే తాపీ పట్టుకోని తనే ఇంటికి రావాల. చచ్చినాకే దాన్ని ఇంకొకరు తెచ్చియ్యాల. ఆయన బతికుండాడో లేదో ఆయన్నే తేల్చుకోమను."

అల్లావుద్దీన్ నా మొకం చూసినాడు. "తీసుకోరా, ఏం చూస్తావు" అన్నాను. మార్చిలో వాడు పోతా ఆ తాపీని తీసుకోనే పోయినాడు.

తర్వాత ఉత్తరం లేదు. ఏప్రిల్ పోయింది, జూన్ పోయింది. వాడు ఇరాకు పోయి ఉంటాడని నేను అనుకున్నాను, జైతూన్‌కి చెప్పలా. పోస్టుమేన్ మా వీధిలోకి వస్తే నేనే ముందు పొయ్యి అడిగేవాణ్ణి. ఆమె అడిగేది మానేసింది. పెద్దగా ఏడవనూ లేదు. ఒకసారి మాత్రం దేవకమ్మతో అనిందంట, "వదినా, నేనే పొగరుగా మాట్లాడి పోగొట్టుకున్నానేమో, ఆయన మొకం నాకు మరుపొస్తా ఉండాది, ఆయన వాసన మరుపొస్తా ఉండాది" అని. అయినా సాయంత్రమైతే రెండు బిందెలూ ఎత్తుకునేది.

డిసెంబరు. వానలు వెలిసి నాలుగు రోజులైంది. పొద్దున్నే పనికి పోతా వాళ్ళ వీధిలోకి తిరిగినాను. గోడకి దారం కట్టుండాది. ఆ మూల నుంచి ఈ మూలకి బిగువుగా, కొత్త తెల్లదారం. నాకు నెత్తురు నెత్తికెక్కింది. ఎవుడురా వీడు, తాపీ లేకుండా నా వహాబు గోడకి దారం కట్టింది అని కర్ర తీసుకోని లోపలికి పోయినాను.

లోపల నెరిసిన గడ్డంతో ఒక మనిషి ఒంగి గోడ మీద అరచెయ్యి పెట్టి ఉండాడు. తలెత్తినాడు.

"మాల్యాద్రీ, గోడ తడిగా ఉండాదిరా" అన్నాడు.

"ఉండకేం చేస్తాదిరా నాబట్టా! ఎనిమిదేండ్లుగా నీ పెండ్లాం..." అన్నాను. కర్ర పారేసి వాణ్ణి పట్టుకోని బావురుమన్నాను. కొట్టం గడప కాడ జైతూన్ నిలబడి ఉండాది. అమీరున్నీసా ఆమె వెనకాల దాక్కోని తొంగి చూస్తా ఉండాది.

వాడు ఎక్కువ ఏమీ తేలా. ఒక పెట్టె, ఒక దుప్పటి, తాపీ. తాపీ తిరిగొచ్చిన రోజే ఇరాకు కాయితాలు చించేసినాడంట. కంపెనీ తన కాడ పెట్టుకున్న పాస్‌పోర్టు చేతికి రావడానికే ఆరు నెలలు పట్టిందంట. ఉత్తరం రాస్తే మల్లా ఇంకొక్క ఏడు అన్నట్టే ఉంటాదని రాయలేదంట. అదంతా తర్వాత చెప్పినాడు. ఆ పొద్దు మాత్రం, "ఇటుక తెప్పించినాను. నువ్వు అందియ్యి, నేను పెడతాను" అన్నాడు.

నేను, అంతటి మేస్త్రీని, వాడికి ఇటుకలందించినాను. వాడు తాపీ పట్టుకున్నాడు. పట్టుకోవడంలోనే నాకు తెలిసిపోయింది. ఎనిమిదేండ్లు సుత్తి పట్టిన చెయ్యి. పిడిని గట్టిగా బిగించి పట్టుకున్నాడు, తాపీని అట్టా పట్టుకోకూడదు. బొటనవేలు మీద సుత్తి దెబ్బకి గోరు నల్లబడి వంకరగా మొలిచి ఉండాది. మొదటి వరస పెట్టినాడు. రెండో వరస పెట్టినాడు. మూడో వరసకి మూలకాడ అరవేలు బయటికి పోయింది. దారం ఉండాది, దారాన్ని కూడా తోసుకోని పోయింది. వెంట్రుకవాసి తేడా రానియ్యని వహాబు!

నా కాలు లేచింది. అలవాటు గదా. లేచిన కాలు మెల్లిగా కింద పెట్టుకున్నాను.

వాడు వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి గోడ చూసినాడు. చానాసేపు చూసినాడు. "చెప్పరా మాల్యాద్రీ. నువ్వు అబద్ధం చెప్పవు గదా. వంకర పోయిందా?" అన్నాడు.

"లేదురా. దారానికే కూర్చునుండాది" అన్నాను. పనికాడ నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

వాడు నవ్వినాడు. నవ్వతానే ఏడ్చినాడు. "పొయ్యిందిరా నా చెయ్యి. మా నాయన ఇచ్చిన చెయ్యి, ఆ దేశంలో మేకులు కొట్టి కొట్టి పోగొట్టుకున్నాను. పడగొట్టెయ్, నువ్వే కట్టు" అని తాపీ నా ముందర పెట్టినాడు. అంతకాలం ఆశపడిన తాపీ, ఇప్పుడు ముట్టుకోవాలంటే చెయ్యి రాలా.

జైతూన్ బిందెతో నీళ్ళు తెచ్చింది. మా ఇద్దర్నీ పట్టించుకోకుండా ఆ కొత్త వరసల మీద చుట్టూరా నీళ్ళు పోసింది. వంకర మూల మీద కూడా పోసింది. పోసి, "పచ్చిగోడని ఎవురు పడగొడతారో నేనూ చూస్తాను" అనింది, నా కాలు వైపు చూస్తా. వహాబు తాపీ తీసుకోని నాలుగో వరసకి లేచినాడు.

ఇల్లు లేచింది. కిటికీ కొండవైపుకే పెట్టినాడు. కిటికీ మట్టం కింద గోడ గీత గీసినట్టు ఉంటాది, పైన అరవేలు బయటికి పొంగుంటాది. ఇప్పుడు వాడు నాతోనే పనికి వస్తాడు. చెయ్యి రొంత తిరిగింది, మునపటంత కాదు. పోయినేడు ఊరంతా సిమెంటు పూతలు పూసుకుంటా ఉంటే, చేతిలో రొంత సిమెంటు మిగిలింది, మీ గోడక్కూడా పూసేస్తాను తల్లీ, ఆ వంకర కనపడకుండా పోతాది అన్నాను జైతూన్‌తో.

"వద్దన్నా. ఈ కింద వరస పెట్టినాక పై వరస పెట్టేదానికి ఎనిమిదేండ్లు పట్టింది. పూత పూస్తే అది యాడుండాదో నాకు కూడా తెలీకుండా పోతాది" అనింది.

నేను ఆ సిమెంటు కలపకుండానే ఇంటికి మోసుకొచ్చినాను.